యమధర్మరాజుకు మనం చేసిన అపచారం



గత నరక చతుర్దశి నాటి ప్రాతఃకాలంలో జరిగిన ఒక సంగతితో ఆరంభిస్తాను. యలమంచిలిలో నేను అర్చకత్వం చేసే ఆలయంలో, అభ్యంగన స్నానం చేసి వచ్చిన భక్తులచేత యమతర్పణం చేయించడం మా తండ్రిగారి కాలం నుంచి వస్తున్న ఆచారం. పద్నాలుగు నామాలు, నామానికి మూడేసి అంజలుల నీరు. పావుగంట పని. సంకల్పం ముగించి మొదటి నామం పలకగానే ముందు వరుసలో కూర్చున్న ఒక యువకుడు దోసిట్లోని నీటిని పళ్లెంలో వదలివేసి లేచి నిలబడ్డాడు. విద్యావంతుడు, విశాఖపట్నంలో మంచి ఉద్యోగంలో ఉన్నవాడు. “పంతులుగారూ, మా నాన్నగారు బతికే ఉన్నారు. పండగపూట ఆ పేరు నా నోట పలికించకండి” అన్నాడు. వెనుక ఉన్న అతని తల్లిగారు నా వంక చూసిన చూపులో కోపం లేదు, భయం ఉన్నది.

తండ్రి జీవించి ఉన్నవాడు సైతం యమునికీ భీష్మునికీ తర్పణం విడువవచ్చునని ధర్మశాస్త్ర నిబంధకారులు స్పష్టంగా వ్రాశారు. పితృతర్పణం వలె తిలలతో అపసవ్యంగా కాక, సవ్యంగా అక్షతలతో చేయాలని నియమం కూడా చెప్పారు. ఆ మాటే అతనికి చెప్పాను. వినలేదు. ఇంటిల్లిపాదీ ప్రదక్షిణం చేసి, తీర్థం పుచ్చుకుని వెళ్లిపోయారు. రెండు రోజుల తరువాత అదే కుటుంబం యమద్వితీయ నాడు అనకాపల్లిలోని ఆడపడుచు ఇంటికి భగినీ హస్త భోజనానికి వెళ్లినట్లు తెలిసింది. యమున తన సోదరునికి వడ్డించిన దినమది. ఆ సోదరుడెవరో వారికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఆ యువకుణ్ణి నేను నిందించను. అతడు భయపడిన యముడు శాస్త్రంలోని యముడు కాడు. మన నేల మీద ఇప్పుడు ఇద్దరు యములున్నారు. ఒకరు వైవస్వతుడు, పితృపతి, దక్షిణ దిక్పాలకుడు, ధర్మరాజు. రెండవ వానికి సంహిత లేదు, బ్రాహ్మణం లేదు, ఉపనిషత్తు లేదు. అయినా ఆయనకొక మతమున్నది, ఆ మతానికి లక్షలాది అనుయాయులున్నారు, వెండితెర దాని గర్భాలయం. ఆ కల్పిత మతంలో మృత్యుదేవత చేసే పని ఏమిటి, మన మతంలో ఆయన చేసే పని ఏమిటి అన్నది ఈ వ్యాసంలో విచారణీయాంశం.

చలనచిత్రాలను గూర్చి అర్చకుడు వ్రాయడమేమిటని అనుకోవద్దు. నేనూ చూసినవాణ్ణే. 1977లో ‘యమగోల’ వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. మా మేనమామ భుజాల మీద ఎక్కి చూశాను, కడుపుబ్బ నవ్వాను. కైకాల సత్యనారాయణగారి కంఠం ఇప్పటికీ చెవిలో మోగుతుంది. ఆ మహానటుని మీద గానీ, నవ్వు మీద గానీ నాకు ఆక్షేపణ లేదు. నవ్వితే దేవతలు అరిగిపోరు. ఆ చిత్రాలను నిషేధించాలని కేసులు వేయమని నన్ను అడిగినవారున్నారు. వారితోనూ నేను ఏకీభవించను. ఎవరో వినోదం కోసం తీసిన కథను మనం శ్రుతిగా స్వీకరించడమే దోషం. వారు కల్పన అని చెప్పి అమ్మారు, మనం ప్రమాణమని కొనుక్కున్నాం.

ఒక సంగతి గమనించండి. 1933లో సి. పుల్లయ్యగారు ‘సావిత్రి’ తీసినప్పుడు వేమూరి గగ్గయ్యగారు యముడు. ఆ యముడు పురాణం నుంచి, నాటక రంగం నుంచి నడిచి వచ్చినవాడు. భీకరుడే, కాని ధర్మం మాట్లాడే భీకరుడు. అదే పుల్లయ్యగారు 1960లో ‘దేవాంతకుడు’ తీశారు. అందులో యముడు ఎస్.వి. రంగారావుగారు. భూలోకపు యువకుడొకడు యమలోకానికి పోయి అక్కడ అల్లరి చేస్తాడు. ఇరవై ఏడు సంవత్సరాలలో, ఒకే దర్శకుని చేతిలో, యముడు ధర్మాసనం నుంచి దిగి హాస్యాసనం మీద కూర్చున్నాడు. తరువాత ‘యమగోల’, 1988లో ‘యముడికి మొగుడు’, 1994లో ‘యమలీల’, 2007లో ‘యమదొంగ’. పేర్లు చూస్తేనే సిద్ధాంతం బోధపడుతుంది. యముడంటే గోల పెట్టదగినవాడు, ఓడింపదగినవాడు, మోసగింపదగినవాడు.

ఆ మతసిద్ధాంతాన్ని క్రోడీకరిస్తే ఇలా ఉంటుంది. మరణమనేది ఒక కార్యాలయం జారీచేసే ఉత్తర్వు. ఆ ఉత్తర్వులో తప్పు దొర్లవచ్చును, ఒకనికి బదులు మరొకని ప్రాణం తీయవచ్చును. చిట్టా పోగొట్టుకోవచ్చును. ‘యమలీల’లో భవిష్యవాణి గ్రంథం జారి భూమి మీద పడుతుంది, దొరికినవాడు తల్లి మరణాన్ని అందులో చదువుకుంటాడు. పై అధికారికి భయపడే యముడు, ఆయన పక్కన తడబడే చిత్రగుప్తుడు, కొలువులో రంభా ఊర్వశీ మేనకల నృత్యం. తెలివైన మానవుడు ఆ కార్యాలయాన్ని లొంగదీసుకుని వెనక్కి వస్తాడు. ఇందులో ధర్మమనే మాటకు చోటేది? కర్మకూ ఫలానికీ సంబంధమేది? మన ప్రభుత్వ కార్యాలయాలలో మనం పడే అవస్థను యమలోకానికి ఎక్కించి, అక్కడైనా గెలిచామని సంతోషించాం. అది వినోదంగా బాగుంది. దానిని నమ్మకంగా ఇంటికి తెచ్చుకున్నప్పుడే అపచారం జరిగింది.

భాష సైతం దానికి సాక్ష్యమిస్తున్నది. మా మనుమడి వయస్సు పిల్లలు ‘యమా స్పీడు’ అంటారు, ‘యమా టేస్టు’ అంటారు. ‘యమ్’ ధాతువుకు నిగ్రహించడం, అదుపు చేయడం అని అర్థం. పతంజలి మహర్షి అష్టాంగ యోగంలో మొట్టమొదటి అంగానికి పెట్టిన పేరు యమం. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఐదూ ఆ ఒక్క పేరు కిందనే ఉన్నాయి. అదుపు అనే అర్థం గల శబ్దం అదుపులేనిదానికి విశేషణమైపోయింది.

ఇక శ్రుతి వైపు రండి.

ఋగ్వేదం దశమ మండలం పదునాలుగవ సూక్తంలో యముడు మనలను చంపడానికి వచ్చేవాడుగా కనబడడు. మనకంటె ముందు వెళ్లి త్రోవ కనుగొన్నవాడుగా కనబడతాడు. మర్త్యులలో మొట్టమొదట మరణించినవాడాయనే అని అథర్వవేదం పదునెనిమిదవ కాండ చెబుతుంది. ఆలోచించండి. మృత్యులోకాధిపతి మృత్యువును అనుభవించినవాడు. ఎవరూ నడవని చీకటి త్రోవను ఒంటరిగా నడిచి, వెనుక వచ్చేవారికి ఒక నివాసం ఏర్పరచి, పితృదేవతల నడుమ కూర్చున్నవాడు. నాలుగేసి కన్నుల రెండు శునకాలను చూసి మనం జడుస్తాం. ఆ సూక్తంలోని ప్రార్థన ఏమిటంటే, వెళుతున్న జీవుణ్ణి ఆ శునకాలకే అప్పగించి, వాటి రక్షణలో క్షేమంగా చేర్చమని. అవి వేటకుక్కలు కావు, దారి కాచేవి. ఈ సూక్తానికి వెండితెర యముణ్ణి జోడిస్తే ఒక్క పాదం కూడా పొసగదు.

మాది తైత్తిరీయ శాఖ. బ్రాహ్మణం తృతీయ కాండలో చివరి ప్రపాఠకాలను మా సంప్రదాయంలో కాఠకం అంటారు. వేదపాఠశాలలో ఆ భాగాన్ని నేను పన్నెండవ యేట వల్లించాను. అక్షరం పొల్లుపోకుండా, స్వరం తప్పకుండా. అర్థం మాత్రం తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. తరువాత చాలా యేళ్లకు భాష్యం దగ్గర పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది, బాల్యమంతా నచికేతుని కథనే గానం చేశానని. అందులో ఆ బాలుడు యముని ఇంట మూడు రాత్రులు ఉపవాసముంటాడు. ఏమి తిన్నావని యముడు అడిగితే, మొదటి రాత్రి నీ సంతానాన్ని, రెండవ రాత్రి నీ పశువులను, మూడవ రాత్రి నీ సుకృతాన్ని అని బదులిస్తాడు. అతిథి పస్తున్న ఇల్లు ఏమి కోల్పోతుందో మృత్యువు ముఖం మీదనే చెప్పిన పసివాడు. దానికి యముడు ఏమి చేశాడు? నమస్కరించాడు.

కఠోపనిషత్తులో ఈ ఘట్టం మరింత విస్తృతం. తండ్రి విశ్వజిద్యాగంలో సర్వస్వం దానమివ్వాలి. ఇస్తున్నవేమో ఇక మేయలేని, ఇక ఈనలేని ముసలి గోవులు. కొడుకు చూడలేక, నన్నెవరికి ఇస్తావని మూడు మార్లు అడుగుతాడు. కోపంలో తండ్రి మృత్యువుకు ఇస్తానంటాడు. ఆ కోపపు మాటను పట్టుకుని బాలుడు వెళ్లిపోతాడు. యముడు ఇంట లేడు. తిరిగి వచ్చి, ఉపవాసమున్న పిల్లవానికి పాద్యమిచ్చి, తన వల్ల దోషం జరిగిందని ఒప్పుకుని, మూడు రాత్రులకు మూడు వరాలిస్తాడు. సమస్త ప్రాణికోటినీ శాసించేవాడు తన ఇంటి గుమ్మంలో ఒక చిన్నపిల్లవానికి క్షమాపణ చెప్పడం, ఆస్తికులారా, ఎంత గొప్ప విషయమో ఒక్క క్షణం నిలిచి ఆలోచించండి. మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు క్షమాపణ చెప్పుకున్న సందర్భాలు ఎన్ని?

మొదటి వరంగా బాలుడు తండ్రి కోపం చల్లారాలని అడిగాడు. రెండవది అగ్నివిద్య, యముడు దానికి ఆ బాలుని పేరే పెట్టాడు. మూడవది అసలు ప్రశ్న, మరణించిన తరువాత ఉన్నాడా లేడా అని. ఇక్కడ యముడు బాలుణ్ణి పరీక్షిస్తాడు. నూరేళ్లు బ్రతికే పుత్రపౌత్రులను తీసుకో, ఏనుగులు, గుర్రాలు, బంగారం తీసుకో, రథాలతో వాద్యాలతో కూడిన అప్సరసలను తీసుకో, మరణాన్ని గూర్చి మాత్రం అడగవద్దంటాడు. ఆ వాహనాలు నీకే ఉండనీ, ఆ నృత్యగీతాలు నీకే ఉండనీ అంటాడు నచికేతుడు. సరిగ్గా ఆ నృత్యగీతాలనే మనం టిక్కెట్టు కొని చూశాం. యమలోకమంటే అవేనని నమ్మాం. ఉపనిషత్తులో అవి పరీక్షాపత్రం మాత్రమే. వాటిని త్రోసివేసిన శిష్యుడు దొరికినందుకు ఆచార్యుడు ఎంత మురిసిపోయాడో రెండవ వల్లి చదివినవారికి తెలుస్తుంది. నీవంటి ప్రశ్నికుడు మాకు మళ్లీ లభించుగాక అని కోరుకుంటాడు. ఆ కోరిక కోరినది మృత్యువు!

ఆ మీదట ఆయన చెప్పినదంతా బ్రహ్మవిద్య. శ్రేయస్సు, ప్రేయస్సు అనే విభాగం ఆయన చెప్పినదే. శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా పోల్చి చూపినదీ ఆయనే. అందులో నాకు అత్యంత ప్రియమైనవి రెండు మాటలున్నాయి. ఒకచోట, సమస్త జగత్తునూ ఆరగించే పరమాత్మకు మృత్యువు నంజుడు వంటిదంటాడు. అన్నంలో మనం ఆవకాయ ముక్క నంజుకున్నట్లు. వేరొకచోట, ఎవరి భయం వల్ల అగ్ని మండుతున్నాడో, సూర్యుడు తపిస్తున్నాడో, ఇంద్రుడూ వాయువూ తమ పనులు చేస్తున్నారో, ఆయన భయం వల్లనే ఐదవవాడైన మృత్యువు పరుగెడుతున్నాడంటాడు. ఈ మాటలు చెబుతున్నది ఎవరు? ఆ మృత్యువే. తాను సర్వాధికారి కాననీ, పరుగులు పెట్టే సేవకుణ్ణనీ, తనకు పైన ఒక శాసనమున్నదనీ స్వయంగా చెప్పుకుంటున్నాడు. మన దర్శనంలో మృత్యుదేవత పాత్ర ఇది. శాసనానికి లోబడి పనిచేయడం, అడిగినవానికి ఆ శాసనం వెనుకనున్న తత్త్వాన్ని చెప్పడం.

శాసనానికి లోబడడమన్నది మాటవరసకు అన్నది కాదు. ఆదిపర్వంలో మాండవ్యుని కథ ఉన్నది. చేయని దొంగతనానికి కొరత వేయబడిన ముని యముని కొలువుకు వెళ్లి కారణమడుగుతాడు. బాల్యంలో పురుగులను పుల్లతో గుచ్చావు, దానికి ఫలమిది అంటాడు యముడు. పసితనపు చేష్టకు ఇంత శిక్షా అని ముని ఆగ్రహించి, నీవు భూమి మీద శూద్రయోనిలో జన్మించమని శపిస్తాడు, పద్నాలుగు సంవత్సరాల వరకు చేసినదానికి పాపం అంటదని అప్పటికప్పుడు మర్యాద నిర్ణయిస్తాడు. యముడు శాపాన్ని అనుభవించాడు. విదురుడై, దాసీపుత్రుడై, అంధరాజు కొలువులో వినని చెవులకు నీతి చెబుతూ జీవితమంతా గడిపాడు. దండించేవాడు తన దండనలో తప్పితే తాను దండన పొందుతాడు. వెండితెర యముడు చిట్టా పోగొట్టుకుని ఇబ్బంది పడతాడు. భారతంలోని యముడు న్యాయంలో మాత్ర తప్పినందుకు మనుష్యజన్మ ఎత్తుతాడు. ఏ యముని ఎదుట నిలబడడానికి మీకు ఎక్కువ ధైర్యంగా ఉంటుంది?

సావిత్రి యముణ్ణి మాటలతో బోల్తా కొట్టించలేదా అని కొందరంటారు. హరికథలలో, బడి నాటకాలలో అలాగే చెబుతారు. మూలం చూడండి. మామగారి చూపు, రాజ్యం, తండ్రికి పుత్రులు, తనకు పుత్రులు అని నాలుగు వరాలిచ్చేటప్పుడు ప్రతి మారూ యముడు ‘ఇతని ప్రాణం తప్ప’ అని మినహాయించాడు. ఐదవ వరం ఇచ్చేటప్పుడు ఆ మినహాయింపు లేదు. నాలుగు మార్లు మరువని ధర్మరాజు ఐదవసారి మరచిపోయాడా? ఆమె సజ్జన సాంగత్యాన్ని గూర్చి, ధర్మాన్ని గూర్చి పలికిన ఒక్కొక్క మాటకు ఆయన మనస్సు కరుగుతూ వచ్చింది, చివరికి తానే తలుపు తెరిచాడు. ఆ మాట సావిత్రియే గమనించి ఆయనకు విన్నవిస్తుంది. ఆయన ప్రసన్నుడై పాశం విప్పుతాడు. అక్కడ మోసపోయినవాడు లేడు, మోసగించినవారు లేరు.

ఇంకొక ఆక్షేపణ మార్కండేయుని కథను బట్టి వస్తుంది. సాక్షాత్తు పరమశివుడే తన్నిన యముణ్ణి మనమెందుకు గౌరవించాలని ఒక శివభక్తుడు నాతో వాదించాడు. నేను ప్రతిదినం శివునికి అభిషేకం చేసేవాణ్ణి, కాలాంతక నామం పలికేవాణ్ణి. కాని పురాణం తన్నుతో ఆగదు. యముడు లేని భూమి భారం భరించలేకపోతే, ఆ శివుడే ఆయనను తిరిగి లేపి పనిలో నిలిపాడు. శివునికి మృత్యువు అవసరం లేకపోయింది గానీ లోకానికి అవసరమయింది. అజామిళోపాఖ్యానంలో విష్ణుదూతలు తరిమిన కింకరులు తిరిగి వచ్చి మొరపెట్టుకుంటే, యముడు తన దూతలనే మందలిస్తాడు, హరినామ మహిమ బోధిస్తాడు. భాగవత ధర్మం తెలిసిన పన్నెండుగురిలో బ్రహ్మ, నారదుడు, శంభుడు, ప్రహ్లాదుడు, జనకుడు, భీష్ముడు మొదలైనవారి సరసన తననూ లెక్కించుకుంటాడు. తెలుగులో ఆ షష్ఠస్కంధాన్ని రచించినవాడు ఏర్చూరి సింగన. పోతనగారి పద్యాలు పాడుకునే ఇళ్లలో ఈ ఘట్టం ఎందరు చదివారు?

ఇంతవరకు ఇతరులను నిందించాను. ఇక నా వంతు.

ఆరు సంవత్సరాల క్రితం మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వ్యాధిగ్రస్తులై మంచాన పడ్డారు. ఊరందరికీ ఆయన మేష్టారే. సంస్కృతం స్వయంకృషితో నేర్చుకున్నవారు, సాయంత్రాలు ఆలయానికి వచ్చి నాతో భాష్యచర్చ చేసేవారు. ఇక లేవనని ఆయనకు తెలిసిపోయింది. ఒకనాడు నా చేయి పట్టుకుని, “నాయనా, సాయంత్రం కఠం పట్టుకురా. రోజుకొక వల్లి చదివి వినిపించు. ఆరు రోజులు ఆగుతాను” అన్నారు. నవ్వుతూ అన్నారు. సాయంత్రం పుస్తకంతో వెళ్లాను. పెద్ద కుమారుడు గుమ్మంలోనే నిలిపాడు. “పంతులుగారూ, నాన్నగారికి మేము ఏమీ చెప్పలేదు. నయమైపోతుందనే చెబుతున్నాం. ఆ యముడి పుస్తకం చదివితే ఆయన గుండె ఆగిపోతుంది. కావలిస్తే విష్ణు సహస్రనామం చదవండి” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి.

నేను పుస్తకాన్ని సంచిలో పెట్టేశాను. లోపలికి వెళ్లి సహస్రనామం చదివాను. మేష్టారు అంతా విన్నారు. ముగిశాక నా సంచి వంక చూశారు, నా ముఖం వంక చూశారు, కళ్లు మూసుకున్నారు. ఏమీ అనలేదు. తొమ్మిదవ నాడు వెళ్లిపోయారు. సహస్రనామం తక్కువదని నా అభిప్రాయం కాదు. భీష్ముడు అంపశయ్య మీద నుంచి చెప్పినది అది. కాని ఆయన అడిగినది వేరు. ఆకలిగొన్నవాడు అన్నమడిగితే గంధం పూసి వచ్చాను.

అసలు విపరీతం తరువాత జరిగింది. ఆయన పోయిన మూడవనాడు అదే కుమారుడు నన్ను పిలిచి, పది రోజులూ గరుడ పురాణం చదివే పండితుణ్ణి ఏర్పాటు చేయమన్నాడు. చేశాను. వైతరణి, రౌరవం, కుంభీపాకం, అన్నీ ఆ ఇంటి వసారాలో మైకులో వినిపించాయి. బ్రతికి ఉండి, తెలివితో ఉండి, తత్త్వం వినాలని చేయి పట్టుకుని అడిగినప్పుడు యముని బోధ నిషిద్ధమయింది. శరీరం దహనమైన తరువాత యముని శిక్షలు కర్తవ్యమయ్యాయి. గరుడ పురాణం వినవద్దని నేననను. అందులోని నరకవర్ణన బ్రతికి ఉన్నవారి నడవడి దిద్దడానికి ఉన్నది, దానిని నిండు ఆరోగ్యంలో చదువుకోవాలి. మరణించబోయే వానికి కావలసినది ఆచార్యుడు. ఆ ఆచార్యుడు గుమ్మం దాకా వచ్చాడు, నా సంచిలోనే ఉన్నాడు. లోపలికి తీసుకుపోని పాపం నాది.

మా వృత్తిలోని వారందరం ఈ భయం మీద కొంత బ్రతుకుతున్నాం. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది కాని చెప్పక తప్పదు. మృత్యుంజయ హోమం చేస్తే గండం తప్పుతుందని చెప్పి దక్షిణ పుచ్చుకుంటాం. ఆ మంత్రంలో పండిన దోసపండు తొడిమ నుంచి విడివడినట్లు మృత్యుబంధం నుంచి విడివడాలన్న ప్రార్థన ఉన్నది. పండు పండకూడదన్న కోరిక అందులో లేదు, తొడిమ నుంచి ఎన్నటికీ రాలకూడదన్న కోరిక అసలే లేదు. ఈ అర్థాన్ని హోమకుండం ముందు యజమానికి చెప్పిన పురోహితులను వ్రేళ్ల మీద లెక్కించవచ్చు. చెబితే మరుసటి ఏడు పిలవరేమోనన్న శంక.

అంతకంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. అపరకర్మలు చేయించే బ్రాహ్మణుడు ఎదురైతే జనులు శకునం బాగాలేదని ఇంట్లోకి వెనుదిరుగుతారు. జనుల మాట అలా ఉంచండి. మేము, ఆలయాలలో అర్చకులం, శుభకార్యాల పురోహితులం, ఆయనను పంక్తిలో ప్రక్కన కూర్చోబెట్టుకోవడానికి వెనుకాడుతాం. ఆయన పలికేది మేము పలికే వేదమే, ఆరణ్యకంలోని పితృమేధ ప్రశ్నయే. మా తండ్రిగారికి ఆ మంత్రాలు చెప్పి సాగనంపినది ఆయనే. యముని పేరు అశుభమని మొదట అనుకున్నాం, తరువాత యముని మంత్రం పలికే మనిషిని అశుభం చేశాం. ఇది ఏ సినిమా నేర్పలేదు. మనకు మనమే నేర్చుకున్నాం.

మా ఊరికి చేరువలో రాంబిల్లి మండలం ధారపాలెం వద్ద పంచదార్ల క్షేత్రమున్నది. కొండ నుంచి ఐదు ధారలు ఎండాకాలంలోనూ పడుతూ ఉంటాయి. యలమంచిలి చాళుక్యుల శాసనాలు అక్కడి శిలల మీద ఉన్నాయి. అక్కడి స్వామి ధర్మలింగేశ్వరుడు. యమధర్మరాజు ప్రతిష్ఠించిన లింగం కనుక ఆ పేరని మా ప్రాంతపు పెద్దలు చెబుతారు. శివరాత్రికి అక్కడ తలస్నానం చేసి స్వామి పేరు పలికే వేలాది జనం, ఆ పేరులోని ధర్ముడెవరో ఎరుగరు. తెలంగాణలో గోదావరి తీరాన ధర్మపురిలో నరసింహస్వామి సన్నిధిలోనే యమధర్మరాజుకు ఆలయమున్నది. భక్తులు గండదీపంలో నూనె పోస్తారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదన్న నానుడిని అందరూ ఎరుగుదురు. దానిని సైతం తప్పించుకునే ఉపాయంగానే అర్థం చెప్పుకుంటున్నాం. ఆ ఊరికి యముడు స్వయంగా వచ్చి స్వామిని సేవించుకున్నాడన్నది స్థలపురాణం. ఆయన ఎవరిని సేవించాడో తెలుసుకుంటే ఆయనకు భయపడే అవసరమే ఉండదు.

ఈ సంవత్సరం నరక చతుర్దశి నాడు యమతర్పణం యథావిధిగా ఉంటుంది. ప్రతి నామానికీ అర్థం చెప్పి మరీ చేయిస్తాను. యమద్వితీయ నాటి సాయంత్రం మొదలుకొని ఆరు దినాలు, దీపారాధన తరువాత ఆలయ ముఖమండపంలో కఠోపనిషత్తు రోజుకొక వల్లి చొప్పున మూలమూ తాత్పర్యమూ చదువుతాను. సంభావన తీసుకోను. పిల్లలను తీసుకురండి, నచికేతుడు వారి వయస్సువాడే. మంచం పట్టినవారు ఎవరైనా వినగోరితే, వారి ఇంటివారు అంగీకరిస్తే, ఏ వేళనైనా పుస్తకంతో వస్తాను. మా ఊళ్లో అపరకర్మలు చేయించే శాస్త్రిగారిని మొదటినాటి సభకు అధ్యక్షులుగా ఉండమని వెళ్లి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నేను వస్తే జనం వస్తారా బాబూ?” అన్నారు.

మేష్టారి పెద్ద కుమారునికి కూడా కబురు పంపాను. ఇంకా జవాబు రాలేదు.